బావి కథ రాశారు, నీళ్ళ సంగతి వదిలేశారు

సంపాదకుడు గారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంగ్లండు పక్కనున్న వేల్స్‌లోని సెయింట్ వినిఫ్రెడ్ బావి మీద వేసిన వ్యాసం చదివాను. మా ఆయనకి కళ్ళద్దాలు దొరక్కపోతే పైకి చదివి వినిపించాను కూడా. కథ బాగా చెప్పారు, రాసినవాళ్ళకి నా అభినందనలు అందజేయండి. కానీ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. పదమూడు వందల ఏళ్ళుగా ఆ ఊట ఒక్కరోజు కూడా ఎండలేదు అని ముగించారు. ఎండింది సార్. 1917 జనవరిలో ఎండిపోయింది. నాకెలా తెలుసంటే, రెండేళ్ళ కింద మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ బావి గట్టు మీద కూర్చుని కాళ్ళు తడుపుకుని వచ్చాను, ఎండిన సంగతి కూడా అక్కడే తెలిసింది.

ఈ ఒక్క తప్పు దిద్దడానికే అయితే పోస్టు కార్డు చాలు. ఉత్తరం ఇంత పొడుగు ఎందుకయిందంటే, అదే రోజు మీ సిటీ పేజీలో ఒక మూలన ఒక ఫొటో వేశారు. పాత బావి, నిండా చెత్త, పైన తేలుతున్న ప్లాస్టిక్ సీసాలు, చెయ్యి విరిగిన వినాయకుడి బొమ్మ ఒకటి. కింద 'చెత్తకుండీగా మారిన బావి' అని ఒకే ఒక్క లైను. ఏ బావి, ఎవరు తవ్వించారు, ఆ బస్తీవాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారు, ఒక్క ముక్క లేదు. సముద్రాల అవతల ఉన్న బావికేమో కథంతా చెప్పి నీళ్ళ సంగతి వదిలేశారు, మన ఊళ్ళో బావికి చెత్త సంగతి చెప్పి కథ వదిలేశారు. నా గొడవంతా దీని గురించే.

ఆదివారం పేపరు చూడనివాళ్ళ కోసం ఆ కథ నాలుగు ముక్కల్లో చెప్తాను. ఏడో శతాబ్దం మాట అంటారు. వినిఫ్రెడ్ అని ఒక పిల్ల, పెళ్ళీ గిళ్ళీ వద్దు, దేవుడి సేవలో ఉంటాను అనుకుంది. కారడాగ్ అనే దొరబిడ్డ వెంటపడ్డాడు, ఒప్పుకోలేదు, చర్చి వైపు పరిగెత్తింది, వాడు వెనక నుంచి వచ్చి కత్తితో తల నరికేశాడు. తల దొర్లుకుంటూ పోయి ఆగినచోట ఊట పుట్టింది. ఆ పిల్లకి మేనమామ ఒకాయన ఉన్నాడు, బ్యూనో అనే సాధువు. ఆయన వచ్చి తలని మొండేనికి ఆనించి ప్రార్థన చేస్తే పిల్ల లేచి కూర్చుంది, మెడ చుట్టూ దారం కట్టినట్టు ఒక తెల్లటి గీత మాత్రం మిగిలింది. నరికినవాణ్ణి భూమి మింగేసింది. ఆమె ఆ తర్వాత సన్యాసినిగా ఏళ్ళ తరబడి బతికింది. ఊరి పేరు హోలీవెల్, మన మాటల్లో పుణ్యబావి.

మా అమ్మాయి కారు నడుపుతూ ఈ కథ చెబుతుంటే, తల తెగిందీ మళ్ళీ అతికిందీ అనగానే, "ఆగవే, ఇది మన ఎల్లమ్మ కథ కదా" అన్నాను. అది నవ్వింది, "అమ్మా, నీకు ప్రపంచమంతా బల్కంపేటే కనిపిస్తుంది" అని.

కనిపిస్తుంది మరి. మాది బల్కంపేట. నేను 1979లో కాపురానికి వచ్చిన ఇంటి నుంచి ఎల్లమ్మ గుడికి నడిచి పోయేంత దూరం. హైదరాబాదులో ఉండి కూడా ఆ గుడి చూడనివాళ్ళు ఉంటే వాళ్ళకి చెప్పాలి: అక్కడ అమ్మవారు గద్దె మీద కూర్చుని ఉండదు, నేల మట్టానికి పది అడుగుల కింద బావిలో పడుకుని ఉంటుంది. మనం పైన నిలబడి కిందికి చూసి దండం పెట్టుకోవాలి. మిగతా గుళ్ళలో తల ఎత్తుతాం, ఇక్కడ వంచుతాం. ఎవరో రైతు తన పొలంలో బావి తవ్వుతుంటే విగ్రహం బయటపడిందనీ, పైకి తీద్దామంటే ఎంతమంది చెయ్యి వేసినా కదల్లేదనీ, సరే అమ్మకి అక్కడే ఉండాలని ఉంది కాబోలని ఉన్నచోటే పూజ మొదలుపెట్టారనీ చెప్పుకుంటారు. ఆషాఢంలో మొదటి మంగళవారం కల్యాణం, ఆ రోజు మా వీధుల్లో బండి సంగతి దేవుడెరుగు, మనిషి పక్కకి తిరగడానికి కూడా జాగా ఉండదు. అక్కడి తీర్థం ఒంటికి రాసుకుంటే దద్దుర్లూ గజ్జీ పోతాయని మా అత్తమ్మ తరం వాళ్ళకి గట్టి నమ్మకం. హోలీవెల్ నీళ్ళ గురించీ అలాంటి నమ్మకమే.

ఎల్లమ్మ అంటే రేణుక, జమదగ్ని భార్య, పరశురాముడి తల్లి. ఈ కథ పురాణంలో ఒక రకంగా ఉంటుంది, బైండ్లవాళ్ళు జమిడిక వాయిస్తూ చెప్పే కథలో ఇంకో రకంగా ఉంటుంది. నాకు బైండ్లవాళ్ళ కథే ఇష్టం. రేణుక రోజూ ఏటికి పోయి ఇసుకతో కుండ చేసి, పామును చుట్టకుదురుగా తల మీద పెట్టుకుని నీళ్ళు తెచ్చేది. అంత నిష్ఠ. ఒకరోజు ఏట్లో గంధర్వుడు ఆడుకుంటుంటే కన్ను అటు పోయింది, మనసు కదిలింది, కుండ నిలవలేదు. ఖాళీ చేతులతో ఇంటికొచ్చిన పెళ్ళాన్ని చూసి మొగుడికి కోపం, కొడుకుల్ని పిలిచి తల్లి తల తీయమన్నాడు. పెద్దకొడుకులు మా వల్ల కాదన్నారు, పరశురాముడు గొడ్డలి ఎత్తాడు. ఆమె పరిగెత్తి మాదిగవాడలో ఒక ఇంట్లో దాక్కుంది, అడ్డం వచ్చిన ఆ ఇంటామె తల కూడా తెగింది, తర్వాత తండ్రి వరం ఇస్తే తలలు అతికించబోయి ఆ తొందరలో ఒకరి తల ఒకరికి పెట్టాడు. అందుకే ఎల్లమ్మ ఎవరి దేవత అంటే అందరి దేవత. పుస్తకాల్లో చదివే రేణుకలో ఈ సంగతి కనపడదు.

ఇక్కడ నాకు తట్టింది ఒకటి చెప్తాను, తప్పయితే పండితులు క్షమించాలి. వినిఫ్రెడ్ తల తెగాక నీళ్ళు పుట్టాయి. మన ఎల్లమ్మ తల నీళ్ళు తేలేదనే తెగింది. రెండు కథల్లోనూ ఆడదాని మెడ, నీటి ఊట పక్కపక్కనే ఉన్నాయి. నలభై ఏళ్ళు బిందెలు మోసినదాన్ని కాబట్టి నాకు అందులో వింతేమీ అనిపించలేదు, ఖాళీ బిందెతో ఇంటికొస్తే ఏమవుతుందో మా కాలం ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. అలా నీళ్ళ కోసం తల పోగొట్టుకున్న తల్లిని తీసుకొచ్చి మళ్ళీ బావిలోనే పడుకోబెట్టారు మా బల్కంపేట జనం. ఎవరి ఆలోచనో గానీ దండం పెట్టాలి. ఒక్క తేడా మాత్రం నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది: వాళ్ళ కథలో నరికినవాణ్ణి భూమి మింగింది, మన కథలో నరకమన్నాయన మహర్షిగానే ఉన్నాడు. (తర్వాత కార్తవీర్యుడి కొడుకుల చేతిలో పోయాడనుకోండి, అది ఇంకో పద్దు.)

సరే, హోలీవెల్‌కి వద్దాం. ఇప్పుడున్న కట్టడం పదహారో శతాబ్దం మొదట్లోది, ఇంగ్లండు రాజు ఏడో హెన్రీ తల్లి మార్గరెట్ బోఫోర్ట్ కట్టించిందంటారు. లోపల నక్షత్రం ఆకారంలో ఒక తొట్టి, అందులోంచి నీళ్ళు పైకి ఉబుకుతుంటాయి, పక్కనే మునగడానికి ఇంకో చిన్న తొట్టి, బయట పెద్ద కొలను. మొక్కున్నవాళ్ళు చిన్న తొట్టిలో మూడుసార్లు దాటి వెళ్ళాలి, తర్వాత కొలనులో బ్యూనో రాయి మీద మోకాళ్ళేసి ప్రార్థన చేసుకోవాలి. నేను మొక్కుకోలేదు గానీ కొలనులో కాళ్ళు పెట్టాను, ఎండాకాలం అన్నమాటే గానీ వెన్నెముక దాకా జివ్వుమంది. రాళ్ళ మీద ఎర్రటి మరకలు ఉన్నాయి, ఆమె రక్తం అంటారు, ఒక రకం ఎర్ర నాచు అని తెలిసినవాళ్ళు అంటారు. మనకయితే కుంకుమ చల్లినట్టే ఉంది. గోడల నిండా వందల ఏళ్ళ నుంచి వచ్చినవాళ్ళు చెక్కుకున్న పేర్లు, పొడి అక్షరాలు. మన గోల్కొండ గోడల మీద ప్రేమికుల పేర్లు చూసి తిట్టుకుంటాం కదా, ఆ జబ్బు పాతదే, అన్ని దేశాలదీ. అక్కడే చిన్న మ్యూజియంలో చంకకర్రలు ఉన్నాయి, కాళ్ళు బాగయి వదిలేసి పోయినవాళ్ళవి. వాటిని చూసి మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు, ఆయనకి మోకాలి ఆపరేషన్ అప్పటికి కొత్త.

ఇంకో సంగతి, మీ వ్యాసంలో రాలేదు గానీ రావలసింది. కొడుకు కావాలని ఇంగ్లండు రాజు రెండో జేమ్స్, ఆయన కేథలిక్, ఆ బావికి వచ్చి మొక్కుకున్నాడు. 1688లో కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ కూడా కేథలిక్ వారసుడవుతాడని భయపడి ఎదుటిపక్షం వాళ్ళు అల్లుణ్ణి పిలిపించారు, అదే ఏడాది రాజు దేశం విడిచి పారిపోవలసి వచ్చింది. మొక్కు తీరింది, రాజ్యం పోయింది. మొక్కుకునేటప్పుడు అన్నీ కలిపి మొక్కుకోవాలని మా అత్తమ్మ ఊరికే అనేది కాదు.

ఇప్పుడు 1917 సంగతి. ఆ ఊరి వెనక కొండల్లో సీసం గనులుండేవి. గనుల్లోకి నీళ్ళు ఊరి పని సాగకపోతే, ఆ నీళ్ళని బయటికి పంపడానికి కొండ కింద సొరంగం తవ్వుకుంటూ పోయారు. ఆ తవ్వకం పోయి పోయి బావికి నీళ్ళు తెచ్చే దారికి తగిలింది. వెయ్యేళ్ళకి పైగా, రాజులు మారినా మతాలు కొట్టుకున్నా ఆగని ఊట, సొరంగం దెబ్బకి ఆగిపోయింది. తర్వాత వేరే చోటి నుంచి భూగర్భంలో నీళ్ళు మళ్ళించి మళ్ళీ పారించారు, మునుపటి ఉధృతి రాలేదు. ఇది విని మా ఆయన, "అయితే ఇక్కడ తీర్థం కూడా నల్లా కనెక్షనే అన్నమాట" అన్నారు. నవ్వాం గానీ నాకు మాత్రం మా గల్లీ బావి గుర్తొచ్చింది.

దాని గురించి చెప్తాను. గొప్ప బావి కాదు, మెట్లబావి కాదు, ఏ పుస్తకంలోనూ దొరకదు. పదకొండు ఇళ్ళకి కలిపి ఒక చేదబావి, గిలక ఒకటి, రాతి ఒర. పక్కన మునగచెట్టు. ఒరలో ఒకచోట చిన్న గూడు ఉండేది, గురువారం పొద్దుగూకాక పక్కింటి బీబమ్మ అందులో దీపం పెట్టి ఊదు వేసేది, శుక్రవారం మా అత్తమ్మ అదే గూటికి పసుపు పూసేది. ఇద్దరికీ ఎప్పుడూ పేచీ రాలేదు. ఆ గూడు 'సాయిబు తాత'ది. పేరేంటో ఎవరికీ తెలియదు. బావి తవ్వుతుంటే నిలువెత్తు బండ పడిందట, ఒడ్డెరవాళ్ళు ఇంక లాభం లేదని తట్టలు పైకి లాగేసుకుంటుంటే దారిన పోయే ఫకీరు ఒకాయన తాగడానికి నీళ్ళడిగాడట. నీళ్ళే ఉంటే బావి ఎందుకు తవ్వుతామయ్యా అన్నారట. ఆయన దిగి వెళ్ళి చేతికర్రతో బండ మీద ఒకచోట పొడిచి, ఇక్కడ కొట్టండి అన్నాడట. కొడితే నీళ్ళు.

మా మామయ్య దీన్ని ఇంకోలా చెప్పేవాడు. "మన ఊరంతా బండ మీద ఉంది, బండలో సందు ఎక్కడుందో తెలిసినవాడికే నీళ్ళు. ఆయనకి తెలుసు, ఇంకేం మహిమ కావాలి" అని. ఆలోచిస్తే అదీ నిజమే. హైదరాబాదు కింద ఉన్నది గ్రానైట్ రాయి, పైన పొడిపొడిగా మారిన పొరలో కొంత నీరు నిలుస్తుంది, కింద పగుళ్ళలో కొంత దొరుకుతుంది. చేదబావి పైపొర నీళ్ళ మీద బతుకుతుంది.

సాయిబు తాతకి ఒక షరతు ఉండేది. నేను కొత్తకోడలిగా వచ్చిన వారంలోనే ఒక రాత్రి నీళ్ళు చాలక బొక్కెన తీసుకుని బయల్దేరితే మా అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "పొద్దుగూకినంక చేద ఎయ్యద్దు బిడ్డా, తాత వజూ చేసుకునే యాళ్ళ" అంది. వజూ అంటే నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడం. నాకు నవ్వొచ్చింది, చదువుకున్నదాన్ని కదా. కానీ ఆ గల్లీలో ఎవరూ రాత్రి చేద వేసేవాళ్ళు కాదు, మొండి పిల్లలు కూడా. ఎన్నో ఏళ్ళకి గానీ నాకు వెలగలేదు: రాత్రి చేద వేయకపోతే చీకట్లో ఎవరూ కాలు జారి పడరు, తెల్లారేసరికి బావి నిండా ఊట ఊరి ఉంటుంది. పదకొండు ఇళ్ళకీ ఎండాకాలంలో కూడా నీళ్ళు సరిపోయాయంటే ఆ వజూ పుణ్యమే. బొక్కెన జారి లోపల పడితే పైకి తీసే కొక్కేల గుత్తి, పాతాళ గరిగె, తెచ్చేది కూడా పగలే, దాన్ని దాచుకున్న ఇల్లు ఒకటే ఉండేది, ఆవిణ్ణి బతిమాలుకోవాలి.

తర్వాత ఏమైందో మీకూ తెలుసు, అన్ని గల్లీల్లోనూ అదే అయింది. మంజీరా నల్లా వచ్చింది, మంచిదే, ఎవరు కాదన్నారు, నడుం నొప్పి తప్పింది. నల్లా రెండ్రోజులకోసారి అయ్యేసరికి బోర్లు వచ్చాయి. మొదటి బోరు మూల ఇంటివాళ్ళది, తర్వాత ఇంటికొకటి, ఒకరిని మించి ఒకరు లోతుకి. 2002లో వచ్చిన వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం బోరుకి అనుమతి కావాలట, మా గల్లీలో అడిగినవాళ్ళని నేను చూడలేదు, మేమూ అడగలేదు. నిజం చెప్పాలి కదా. మోటారుకి పగలూ రాత్రీ లేదు. తాత వజూకి చెంబుడు నీళ్ళు మిగల్చలేదు ఎవరూ. రెండు మూడు ఎండాకాలాలకి బావి అడుగు కనిపించింది, నీళ్ళు లేని బావిలో చెత్త పడటానికి ఎంతసేపు. బీబమ్మ పోయింది, మా అత్తమ్మ పోయింది, గూట్లో దీపం పెట్టేవాళ్ళు లేరు. పాత ఇళ్ళు నాలుగు కలిపి అపార్టుమెంటు కట్టినాయన బావి మీద స్లాబు పోసి పార్కింగు చేశాడు. ఆయన్ని అని లాభం లేదు, సంతకాలు పెట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం.

అందుకే మీ ఫొటో కింద ఆ ఒక్క లైను చూస్తే కష్టంగా ఉంది. ఆ బావికీ ఒక తాతో అమ్మో ఉండే ఉంటారు. ఆ చుట్టుపక్కల డెబ్బై దాటిన ఆడమనిషిని ఎవరినైనా మీ విలేఖరి అడిగి ఉంటే ఐదు నిమిషాల్లో చెప్పేది.

మన ఊళ్ళో నీళ్ళుంటే ఒక మహానుభావుడి కథ ఉండకుండా పోదు. హుస్సేన్ సాగర్ సంగతే చూడండి. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, మన తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఆ రాజు కాలంలో, ఆ చెరువు కట్టించే పని రాజుగారి అల్లుడు, సూఫీ సాధువు హుస్సేన్ షా వలీ చూశాడు. పేరేమో ఇబ్రహీం సాగర్ అని పెడదామనుకున్నారట, జనం మాత్రం పొద్దున లేస్తే కళ్ళముందు కనపడే హుస్సేన్ పేరే పెట్టేశారట, రాజుగారు చిన్నబుచ్చుకుని తన పేరు నిలవాలని ఇబ్రహీంపట్నం చెరువు తవ్వించుకున్నారట. ఇందులో చెరువు నిజం, ఆ సాధువు నిజం, ఆయన దర్గా మణికొండ దగ్గర ఇప్పటికీ ఉంది. రాజు చిన్నబుచ్చుకోవడం మాత్రం జనం కలుపుకున్నది. అయితేనేం, డబ్బిచ్చినవాడి పేరు కాకుండా దగ్గరుండి పని చేయించినవాడి పేరు నిలవాలని ఊరు ఊరంతా అనుకుందంటే ఆ కథకి విలువ లేదా? అలాగే 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ముంచినప్పుడు అప్పటి నిజాం మహబూబ్ అలీ పాషా నదికి చీర పెట్టి హారతి ఇచ్చాడని చెప్పుకుంటారు. ఆ కథ మనవాళ్ళు ఇప్పటికీ మరిచిపోలేదు. దాంతోపాటు, ఆ వరద దెబ్బకే గండిపేట, హిమాయత్ సాగర్ కట్టారన్నది కూడా కలిపి చెప్పాలి. చీర కథ ఒక్కటే చెబితే మూసీ దానంతటదే శాంతించిందనుకుంటారు పిల్లలు.

పేర్లు చూడండి, గచ్చిబౌలి, పుత్లీబౌలి, దూద్‌బౌలి, రేతిబౌలి. బౌలి అంటే బావి అని మా మనవడికి తెలియదు. వాడు రోజూ గచ్చిబౌలికి ఉద్యోగానికి పోతాడు, గచ్చుతో కట్టిన బావి రా అంటే, "అవునా నానమ్మా, నేను ఏదో కంపెనీ పేరనుకున్నా" అన్నాడు. వేళాకోళం ఆడాడో నిజంగానే అన్నాడో.

మంచి జరగట్లేదని కాదు. బన్సీలాల్‌పేట మెట్లబావిని, పాతవాళ్ళు నాగన్నకుంట అనేదాన్ని, చెత్తంతా తీసి బాగుచేసి 2022 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. మేం పోయి చూశాం. పూడిక తీస్తే లోపలి నుంచి నీళ్ళు మళ్ళీ ఊరాయి, దాన్ని చూస్తే నాకు నిజంగా ఏడుపొచ్చింది, బావి చావదు, ఊపిరాడక పడుకుంటుంది అంతే అనిపించింది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర పెద్ద బావి 2013 వానలకి ఒక పక్క కూలిపోతే మళ్ళీ రాయి రాయి పేర్చి నిలబెట్టారు, గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. చేసినవాళ్ళకి వెయ్యి దండాలు. నేను అడిగేది ఏంటంటే, ఇలాంటి చోట్ల పెట్టే బోర్డు మీద ఏ శతాబ్దం, ఎన్ని లక్షల లీటర్లు అన్న లెక్కల కింద, ఇక్కడివాళ్ళు ఈ బావి గురించి ఇలా చెప్పుకునేవాళ్ళు అని నాలుగు లైన్లు కూడా వేయండి. చరిత్ర వేరు, కథ వేరు అని స్పష్టంగా రాసి మరీ వేయండి.

ఇది చదివి కొందరు, పెద్దావిడ మూఢనమ్మకాలు నేర్పుతోంది అంటారని తెలుసు. కాదు బాబూ. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికే పోవాలి. బావి నీళ్ళు సీసాల్లో పోసి రోగాలు పోతాయని అమ్మేవాడు కనిపిస్తే మీ పేపర్లో వాడి బండారం బయటపెట్టండి, నేనే ఫోన్ చేసి చెప్తాను. పాత బావి అడుగున ఏముందో తెలియకుండా ఒక్క చుక్క కూడా నోట్లో పోసుకోకూడదు. నేను ఈ కథల్ని మందుగా చూడట్లేదు, కాపలాగా చూస్తున్నాను. తాత ఉన్నాడన్నంత కాలం మా బావిలో ఎవరూ ఉమ్మలేదు, చెప్పులతో గట్టు ఎక్కలేదు. తాతని మరిచిపోయాక ఏం జరిగిందో పైన చెప్పాను. అయితే తాత ఒక్కడే కాపాడలేడు కూడా, అదీ చెప్పాలి. హోలీవెల్‌లో ఇప్పటికీ జనం వస్తూనే ఉన్నారు, వినిఫ్రెడ్ మీద భక్తి ఏమీ తగ్గలేదు, అయినా సొరంగం తవ్వితే ఊట ఆగింది. మన బల్కంపేటలో అమ్మవారికి లక్షల మంది భక్తులు, ఆ అమ్మ చుట్టూ ఉన్న గల్లీల్లో ఎన్ని బోర్లున్నాయో లెక్కపెట్టినవాళ్ళు ఎవరు? అమ్మకి బోనం ఎత్తుకుని పోయే దారిలో ఇంటి ముందు ఒక ఇంకుడు గుంత తవ్వుకోవడానికి మనకి చేతులు రావు. మాకు కూడా పోయిన ఏడాది వరకు లేదు, ఇప్పుడు ఉంది.

ఇక అడగవలసింది అడుగుతాను. ఆదివారం అనుబంధంలో వారానికి పావు పేజీ ఇవ్వండి. పాఠకులు తమ బస్తీ బావి గురించో కుంట గురించో రాసి పంపుతారు: బావి ఎక్కడుంది, దాన్ని కాసే తాతో అమ్మో స్వామో ఎవరు, ఆ కథ నీకు ఎవరు చెప్పారు, చివరికి ఇప్పుడు అందులో నీళ్ళున్నాయా లేవా, ఉంటే ఎందుకున్నాయి, లేకపోతే ఎవరు తాగేశారు. చివరి ప్రశ్నకి జవాబు లేని ఉత్తరం అచ్చు వేయకండి. రాసేది ఎవరైనా సరే, మాట్లాడినట్టు రాస్తే చాలు, మీ దగ్గర దిద్దేవాళ్ళు ఉన్నారు కదా.

మొదటిది మాదే పంపుతున్నాను, ఫొటో కూడా జత చేశాను. బావి ఫొటో కాదు, అది స్లాబు కింద ఉంది. పార్కింగులో వాచ్‌మన్ గది ముందు మెట్టుగా వేసిన రాయి చూడండి, అది మా బావి ఒర రాయి. తాడు ఒరుసుకుని ఒరుసుకుని పడ్డ గాట్లు ఏడు ఉన్నాయి దాని మీద, ఒక్కొక్కటి నా బొటనవేలు పట్టేంత లోతు. ఉత్త రాయి ఫొటో తీస్తే మామూలు మెట్టులాగే వస్తోందని, గాట్లో వేలు పెట్టి తీయమన్నాను మా మనవణ్ణి. ఆ వేలు నాదే.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
బల్కంపేట, హైదరాబాదు